నూరెకరముల దానమునకు కర్త ఎవరు?

1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లి గ్రామములో ఒక భూస్వామి జనుల మధ్యనుండి లేచి నిలువబడి, తన భూమిలో నూరెకరములు ఇచ్చుచున్నానని చెప్పినారు. ఆ మాట చెప్పుటకు అరనిమిషమైన పట్టియుండదు. ఆ అరనిమిషమునకు వెనుకనున్న కారణమేమని విచారింపబూనితిమా, చరిత్రకారుడును తార్కికుడును వేదాంతియు ఒకచోట కూర్చుండి తెల్లవారువరకు వాదించుకొనవలసి వచ్చును. ఆ వాదములోని కొన్ని మాటలను ఈనాడు పాఠకుల ముందుంచదలచినాము.

ముందు జరిగిన సంగతి చెప్పుకొందము. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగినది. వినోబా భావే వార్ధా దగ్గరి పవనారు ఆశ్రమమునుండి కాలినడకన ఆ సమ్మేళనమునకు వచ్చినారు. తెలంగాణా గ్రామములు అప్పటికి అయిదేండ్లుగా రైతాంగ పోరాటముతో అట్టుడికిపోవుచున్నవి. సమ్మేళనము ముగిసిన పిమ్మట వినోబా తిరిగి వెళ్ళక, శ్రీరామనవమి నాడు హైదరాబాదు జైలులోని కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని, నల్లగొండ దారిని నడక సాగించినారు. మూడవ నాటికి పోచంపల్లి చేరినారు. అక్కడి దళితవాడకు పోయి యోగక్షేమములు విచారించినారు. నలుబది కుటుంబములవారు తమకు భూమి కావలెనన్నారు. ఎంత కావలెనని అడుగగా, ఎనుబది ఎకరములు చాలునన్నారు: నలుబది తరి, నలుబది ఖుష్కి. ప్రభుత్వమునకు వ్రాయుదునని వినోబా మొదట అనుకొన్నారు. పిదప గ్రామస్థులవైపు తిరిగి, మీలో ఎవరైనను ఇయ్యగలరా అని అడిగినారు. అప్పుడు లేచినవారు వెదిరె రామచంద్రారెడ్డి. తమకున్న రెండు వందల ఎకరములలో కొంత అర్హులకీయవలెనని స్వర్గస్థులైన తమ తండ్రిగారు కోరియుండిరని, అందు సగము, అనగా నూరెకరములు ఇచ్చుచున్నామని వారు చెప్పినారు.

అడిగినది ఎనుబది, ఇచ్చినది నూరు. ఈ మిగిలిన ఇరువది ఎకరములను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. మనము తిరిగి అక్కడికే రావలసియున్నది.

మనుష్యుడు చేయు పనికి అతడే కర్తయా, లేక కారణపరంపర అతనిచేత చేయించుచున్నదా? ఇది పండితులకు మాత్రమే పట్టిన ప్రశ్న కాదు. నుదుటి వ్రాతను నమ్మిన రైతే తొలకరికి ముందు దుక్కి సిద్ధము చేసికొనును, గట్టు జరిపిన పొరుగువానిని “వాని వ్రాత అట్లున్నది, ఏమి చేయును?” అని క్షమింపక పంచాయితీకి లాగును. మనకు రెండు నమ్మకములును కలవు. అవసరమునుబట్టి ఒక్కొక్కదానిని బయటికి తీయుదుము. చరిత్ర వ్రాయునప్పుడు మాత్రము ఈ సౌకర్యము చెల్లదు. పోచంపల్లి దానము దాత హృదయమునుండి పుట్టినదన్నచో, ఆ అయిదేండ్లలో ప్రాణములిచ్చినవారు కథనుండి తొలగిపోవుదురు. భయమునుండి పుట్టినదన్నచో, దాత చేసిన పని పని కాకపోవును. గాలికి ఆకు కదలినట్లగును. ఎవరికి కీర్తి, ఎవరికి మరపు అనునది ఈ ప్రశ్నకు చెప్పు సమాధానముపై ఆధారపడియున్నది.

నల్లగొండ జిల్లా దక్షిణపుటంచున, కృష్ణాతీరమున, నందికొండ కలదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది ఇచ్చటనే. ఆ జలాశయములో మునిగిన లోయ ఇక్ష్వాకుల విజయపురి. దానిని ఆనుకొనిన శ్రీపర్వతముతో ఆచార్య నాగార్జునుని పేరును సంప్రదాయము ముడిపెట్టినది. ఆయన మూలమధ్యమకకారికలు కారణవిచారముతోనే ఆరంభమగును. ఒక వస్తువు తననుండి తానే పుట్టినదా, ఇతరమునుండి పుట్టినదా, రెంటినుండియు పుట్టినదా, హేతువు లేకయే పుట్టినదా అని నాలుగు పక్షములు చూపి, నాలుగును నిలువవని ఆయన వాదము. వస్తువులకు స్వతంత్రమైన స్వభావము లేదని చూపుట ఆయన ఉద్దేశము. మన గ్రామ చరిత్ర ఆయన మనస్సులో లేదు. అయినను పోచంపల్లి దానమునుగూర్చి మనవారు చెప్పుకొను కథలు సరిగా ఈ నాలుగు పక్షములుగానే ఉన్నవి. కావున ఆ కొలబద్దను కొంతసేపు అరువు తెచ్చుకొందము.

మొదటి పక్షము: దానము దాత హృదయమునుండి తానుగా పుట్టినది. దీనికి ఆధారము లేకపోలేదు. తండ్రి కోరిక ముందే ఉన్నది. కాని ఆ కోరిక అప్పటివరకు కోరికగానే ఉన్నది. తండ్రి మాట ఒక్కటే చాలినచో దానము ఆ ఏప్రిల్ దినమువరకు ఆగనేల? విత్తనము ఉన్నదని పంట వచ్చినదనలేము, పదును కావలెను.

రెండవ పక్షము: దానము పోరాట భయమునుండి పుట్టినది. ఇది మరింత బలమైన పక్షము. 1946 జూలై 4న, నాడు నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియైనాడు. అచ్చటినుండి వెట్టిచాకిరికిని, అక్రమపు లెవీకిని, భూములనుండి తొలగింపులకును ఎదురు తిరిగిన ఉద్యమము సాయుధ పోరాటమైనది. 1948 సెప్టెంబరులో నిజాము పాలన కూలిన తరువాతను అది ఆగలేదు. 1951 అక్టోబరులో గాని విరమింపబడలేదు. మూడు వేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచబడినవనియు, నాలుగు వేలమంది ప్రాణములు కోల్పోయిరనియు పుచ్చలపల్లి సుందరయ్య తమ గ్రంథములో లెక్క చెప్పినారు. ఇంత జరుగకున్న వినోబా తెలంగాణా పల్లెలలో కాలు పెట్టియుండరు. భూమి అను మాట ఆనాటి సభలో అంత సులభముగా నోట వచ్చియుండదు.

అయినను భయము ఒక్కటే కారణమైనచో, ఆ భయము తగిలిన భూస్వాములందరును ఒకేవిధముగా నడచుకొనవలెను గదా! అట్లు జరుగలేదు. కొందరు గడీలు విడిచి పట్టణములకు పోయినారు. కొందరు పోలీసుచర్య తరువాత సైన్యము అండ చూచుకొని తిరిగివచ్చి, పంచిన భూములను మరల లాగికొన్నారు. మరొకవైపు, భువనగిరి ప్రాంతపు బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబమున పుట్టిన రావి నారాయణరెడ్డి రైతుల పక్షమున నిలిచి పోరాటమునకు నాయకుడైనారు. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చిన వాటికన్న ఎక్కువ ఓట్లతో గెలిచినారు. ఒకే నేల, ఒకే వర్గము, ఒకే కాలము. పనులు మాత్రము వేరు. ఇక ఆ ఇరువది ఎకరములు ఉన్నవి. భయము అడిగినంత ఇచ్చును, లేదా అడిగినదానిలో బేరమాడును. అడిగినదానికన్న ఎక్కువ ఇచ్చుట భయమునకు అలవాటు కాదు.

మూడవ పక్షము: కొంత హృదయము, కొంత భయము. ఇది వినుటకు న్యాయముగా తోచును. సభలలో వివాదము తెగనప్పుడు పెద్దలు చేయు రాజీవంటిది. కాని ఎంత ఇది, ఎంత అది, ఏది దేనితో ఎట్లు కలిసినది అని చెప్పనంతవరకు అది సమాధానము కాదు. రెండు అసంపూర్ణ సమాధానములను ఒకే మూటలో కట్టుట మాత్రమే.

నాలుగవ పక్షము: ఇదంతయు ఒక అద్భుతము, లేక కేవలము కాకతాళీయము. వినోబా స్వయముగా దీనిని భగవత్సంకేతమని భావించినారు, తాము నిమిత్తమాత్రులమనుకొన్నారు. ఆ వినయమును మనము గౌరవింపవలసినదే. కాని కారణము లేదనుట వేరు, కారణము నేను కాననుట వేరు. పవనారునుండి నడిచి వచ్చిన పాదములు, జైలులో ఖైదీలతో జరిగిన సంభాషణ, దళితవాడలో అడిగిన ప్రశ్న, ప్రభుత్వమును వదలి గ్రామమువైపు తిరిగిన చూపు, ఇవన్నియు హేతువులే.

నాలుగు పక్షములును ఒంటరిగా నిలువకున్న, ఇక చెప్పదగినదేమున్నది? ఇక్కడ మన తెలుగువాడే అయిన మరియొక పండితుడు అక్కరకు వచ్చును. పదునేడవ శతాబ్దమువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహము నేటికిని తర్కశాస్త్రము చదువబోవు విద్యార్థికి మొదటి పుస్తకము. కారణములు మూడు విధములని అందు చెప్పబడినది. ఉదాహరణము వస్త్రము. నూలు సమవాయికారణము, నూలుపోగుల కూడిక అసమవాయికారణము, మగ్గము, నాడె మొదలగునవి నిమిత్తకారణములు. మగ్గముల ఊరైన పోచంపల్లిలో ఈ ఉదాహరణమును ఎవరికిని విడమరచి చెప్పనక్కరలేదు. పోగులున్నంతమాత్రమున బట్ట కాదు, మగ్గమున్నంతమాత్రమున కాదు. పోగులు తగినవిధముగా కూడవలెను. మన దానమునకు భూమియు, దానికై జరిగిన పోరాటమును, తండ్రి కోరికయు పోగులవంటివి. వినోబా అడిగిన ప్రశ్న ఆ పోగుల మధ్య తిరిగిన నాడె. ఇది దృష్టాంతమే గాని శాస్త్రనిర్ణయము కాదు. అయినను “కొంత ఇది, కొంత అది” అను మూటకన్న మేలు. ఏలననగా, ఒక్కొక్క కారణమునకు ఏ పని అప్పగింపవలెనో ఇది చెప్పుచున్నది.

తార్కికులు మరియొక హెచ్చరిక కూడ చేసినారు. కుండ పుట్టుటకు ముందు మట్టి ఉన్నది, కుమ్మరి ఉన్నాడు, సారె ఉన్నది. మట్టి మోసుకొని వచ్చిన గాడిదయు ఉన్నది. ముందున్నదని గాడిదను కుండకు కారణమనవచ్చునా? అనరాదు. ఆ గాడిద లేకున్న మరొక విధముగా మట్టి వచ్చును, కుండ అగును. కావున కారణమేదో తెలియవలెనన్న దానిని తీసివేసి చూడవలెను.

ఈ పరీక్ష పోచంపల్లి కథకు పెట్టి చూతము. వినోబాను తీసివేసిన దానము లేదు. రామచంద్రారెడ్డిని తీసివేసిన దానము లేదు. పోరాటమును తీసివేసిన ఆ సభయే లేదు. ఇక ఆ నలుబది కుటుంబములను తీసివేసి చూడుడు. వారు నోరు తెరువకున్న వినోబా తరువాతి ఊరికి నడిచిపోయియుందురు. మొదటి మాట వారిది. అయినను మన కథలలో సాధువునకు పేరున్నది, దాతకు పేరున్నది; అడిగినవారు “నలుబది కుటుంబములు” అను ఒక సంఖ్యగా మిగిలిపోయినారు. మట్టి మోసిన గాడిదకిచ్చిన స్థానమునే చరిత్ర వారికిచ్చినది. ఇది తర్కదోషము మాత్రమే కాదు.

అడుగుట అల్పమైన పనియని ఎవరైనను అనుకొందురేమో. “బాంచను దొరా, నీ కాల్మొక్త” అనుటయే మర్యాదయైన నేల అది. దొర ఎదుట చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి నిలుచుటయే అలవాటైనవారు, ఊరివారందరు చూచుచుండగా, ఇంత భూమి చాలునని లెక్క చెప్పి అడిగినారు. వారి ఇష్టమును అప్పటివరకు ఎవరైనను అడిగినారా? నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో భగేలా అను పద్ధతి ఉండెడిది. కొద్దిపాటి అప్పునకు వ్రేలిముద్ర వేసి, దానికై ఏండ్ల తరబడి, కొన్నిచోట్ల తండ్రి తరువాత కొడుకును, దొర ఇంట చాకిరి చేయుట. వ్రేలిముద్ర అతనిదే, కాగితము ప్రకారము అతడు తన ఇష్టమునకొలదియే ఒప్పుకొన్నాడు. ఇట్టి ఒప్పందములకు హద్దులు పెట్టుచు హైదరాబాదు ప్రభుత్వము 1936లో ఒక శాసనము చేసినది. వ్రేలిముద్రకును ఇష్టమునకును భేదము కలదని రాజ్యమే ఒప్పుకొన్నట్లయినది. ఆ శాసనము పల్లెలలో ఎంతవరకు అమలు జరిగినదో చెప్పుటకు 1946లో పుట్టిన పోరాటమే సాక్ష్యము.

మహబూబ్‌నగర్ జిల్లా చూడుడు. వాన ముఖము చాటుచేసిన యేట ఊరు విడిచి, దూరదేశములలో ఆనకట్టలు, కాలువలు త్రవ్వబోయిన “పాలమూరు లేబరు” పేరు దేశమంతట తెలియును. వారిని ఎవరును సంకెళ్ళతో తీసికొనిపోలేదు. తామే మూటకట్టుకొని బయలుదేరినారు. అది స్వేచ్ఛయా? అక్కడ పనికి పోవుట, ఇక్కడ పస్తులుండుట అను రెండింటిలో ఒకటి ఎన్నుకొనుట కూడ ఎన్నికయే. కాని మూడవ దారి లేనివాని ఎన్నికను, పది దారులున్నవాని ఎన్నికను ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు. స్వేచ్ఛ ఉన్నదా లేదా అని అడుగుటకన్న, ఎవరికెంత ఉన్నదని అడుగుట చరిత్రకు ఎక్కువ ఉపకరించును.

ఈ రెండు జిల్లాలును ఆ కాలమున భూసమస్యకు మూడు సమాధానములు చూచినవి. ఒకటి పోరాటము. రెండవది చట్టము: 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదార్లకు నేలపై హక్కు కల్పించినది, ఆ కాలమున రెవెన్యూ శాఖ చూచిన బూర్గుల రామకృష్ణారావు మహబూబ్‌నగర్ జిల్లావారే. మూడవది దానము. ఒక్కొక్కదాని వెనుక మనుష్యుని ఇచ్ఛనుగూర్చి ఒక్కొక్క నమ్మకమున్నది. చరిత్ర గమనమునకు నియమములున్నవని పోరాటము చెప్పినది. అయినను ఆ నియమములు తమంతట తాము పనిచేయునని ఊరకుండక, ఇంటింటికి పోయి మనుష్యులను లేపినది. మనస్సులు మారువరకు వేచియుండక పరిస్థితులను మార్చవలెనని చట్టము నమ్మినది. అయినను పట్టేదారుని, పట్వారీని, తహసీలుదారుని మనస్సు మారనిచోట కాగితముగానే నిలిచిపోయినది. మనస్సు మారినచో అన్నియు మారునని దానము నమ్మినది.

దాని ఫలితమును కూడ చెప్పకుండుట ధర్మము కాదు. తెలంగాణాలో ఏడు వారముల నడకలో వినోబాకు సుమారు 12 వేల ఎకరములు లభించినవి. ఉద్యమము దేశమంతటికి ప్రాకినది. 1957 నాటికి అయిదు కోట్ల ఎకరములు సేకరింపవలెనన్నది సంకల్పము. లభించినది నలుబది లక్షలకు పైగా మాత్రమే. అందులోను చాలభాగము రాతినేలయో, వివాదములలో చిక్కినదో, పంపకమునకు రానిదో అయినది. ఆంధ్రప్రదేశములో 1965లో భూదాన గ్రామదాన చట్టము చేయవలసివచ్చినది. ఒక మనిషి ఒక దినమున చేసిన సంకల్పము నిజమైనదే కావచ్చును. కొలత వేయు గొలుసు, పట్టా వ్రాయు కలము, ఎడ్లు, విత్తనములు, నీరు అను తోడు కారణములు లేనిచో ఆ సంకల్పము గింజగా మారదు.

వినోబా 1932లో ధూలియా జైలులో గీతపై ప్రవచనములు చేసినవారు. ఆ గీతయే పదునెనిమిదవ అధ్యాయములో కర్మకు అయిదు కారణములు చెప్పుచున్నది: అధిష్ఠానము, కర్త, సాధనములు, వివిధ ప్రయత్నములు, దైవము. కర్త అయిదింటిలో ఒకడు. అతడొక్కడే సర్వమనుకొనుట అహంకారము. అతడు లెక్కలోనే లేడనుట బాధ్యత తప్పించుకొనుట. పోచంపల్లిలో లేచి నిలిచిన వ్యక్తిని కారణములన్నియు ఆ స్థలమువరకు తీసికొనివచ్చినవి. తండ్రి మాట, కాలము, పోరాటము, అడిగినవారి అవసరము, ఎదుట కూర్చున్న సాధువు, అన్నియు. ఎనుబది వద్ద ఆగక నూరు అన్నది మాత్రము ఆయనయే. ఆ మాటకును కారణములుండవచ్చును. అవి ఆయన ఆలోచనగుండా నడిచి, ఆయన మాటగా బయటికి వచ్చినవి. స్వేచ్ఛ అనగా కారణములు లేకుండుట కాదనియు, కారణములు మన విచారణగుండా పోవుటయేననియు మేము గ్రహించినంతవరకు తోచుచున్నది.

2016 జిల్లాల పునర్విభజన తరువాత పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. దేశమునకు ఇప్పుడు ఆ ఊరు ఎక్కువగా తెలిసినది చిటికి బట్టలవలన. ఆ పనిలో రంగు, నమూనా నేతకు ముందే పోగులపై కట్టబడియుండును. బట్ట ఎట్లుండవలెనో మగ్గమెక్కకముందే నిర్ణయమైపోయినదని చూచువారికి తోచును. కాని నేతగాడు ఒక్కొక్క పోగును చేతితో సరిచూచి జరుపుకొననిచో పువ్వు పువ్వుగా పడదు, చెదరిపోవును. ముందే కట్టిన ముడులును నిజము. ఆ చేతి సవరింపును నిజము.

ఇక కర్త ఎవరను ప్రశ్నకు మా సమాధానము: ఒక్కరు కారు. ఇచ్చినవారున్నారు, ఇయ్యుడని అడిగినవారున్నారు, ఆ ప్రశ్న పుట్టు కాలమును తమ ప్రాణములతో తెచ్చినవారున్నారు. అందరికన్న ముందు, మాకు ఎనుబది ఎకరములు చాలునని నోరు తెరచి చెప్పిన నలుబది కుటుంబములవారున్నారు. దానము విలువను దాత మనస్సులో వెదకుటతో మన పని ముగియదు. నేల చేతికి వచ్చిననాడు మనిషికి “కాదు” అను మాటయు చేతికి వచ్చును. తరువాతి వ్రేలిముద్ర వేయుటకు ముందు ఒక నిమిషము ఆగి ఆలోచింపగలుగును. ఆ నిమిషము ఎందరికి, ఎన్నిచోట్ల దక్కినదో లెక్కపెట్టుట చరిత్రకారుని పని; అది దక్కనివారికి దక్కునట్లు చూచుట మనందరి పని.